పేషెంట్ తాలూకు మనిషిని కూడా లెక్కలో వేయండి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ



నేను ఖమ్మం జిల్లాలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారిని. మా ఆవిడకు లింఫోమా అనే క్యాన్సర్ వచ్చింది. హైదరాబాద్‌లో వైద్యం చేయించాం. కీమో పూర్తయింది, ఇప్పుడు చెకప్‌లకు వెళ్లి వస్తున్నాం. ఓపీ దగ్గర, ఫార్మసీ కిటికీ దగ్గర, వార్డు తలుపు దగ్గర ‘పేషెంట్ తాలూకు ఎవరండీ?’ అని కేక వినబడగానే పరుగెత్తుకెళ్లే జనం ఉంటారు చూడండి, వాళ్లలో ఒకడిగా మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను. మా జిల్లాకు పక్కనే ఆంధ్ర. కీమో వార్డులో మా పక్క మంచాలవాళ్లు కొందరు అటునుంచి వచ్చినవాళ్లే. జబ్బుకు సరిహద్దు లేదు గనక ఇద్దరికీ కలిపే రాస్తున్నాను.

ముందుగా ఒక రుణం చెప్పుకోవాలి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ పుణ్యాన మా బోటివాళ్లం క్యాన్సర్ ఆస్పత్రి గడప తొక్కగలిగాం. తెలంగాణలో దాని కింద చికిత్స పరిమితి 2023 డిసెంబరు 9న 10 లక్షల రూపాయలకు పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పని ఎన్టీఆర్ వైద్య సేవ చేస్తోంది. బి-కణాల లింఫోమాలో కీలకమైన రిటుక్సిమాబ్ అనే మందుకు అమెరికాలో 1997లో అనుమతి వచ్చింది. దానికి ప్రపంచంలోనే తొలి బయోసిమిలర్‌ను, అంటే దానితో సమానంగా పనిచేసే మందును, 2007లో విడుదల చేసింది మన హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్. కొద్దిమందికే అందే మందు అలా ధర దిగి మాదాకా వచ్చింది. ప్రభుత్వాలూ, శాస్త్రవేత్తలూ తలుచుకుంటే ఎంత పని జరుగుతుందో మా ఇంట్లోనే చూశాను. అందుకే ఇంకొకటి అడగడానికి ధైర్యం వచ్చింది.

మందుకు డబ్బు దొరికింది. మంచం దొరికింది. డాక్టరు దొరికారు. ఆ మందు పని చేసేదాకా మనిషిని నిలబెట్టే బాధ్యత ఎవరిదన్నది మాత్రం ఏ ప్యాకేజీలోనూ లేదు. అది ఇంటివాళ్ల పని అంటారు. మా పనే, కాదనను. కానీ ఆ పని ఎలా చేయాలో మాకు నేర్పేవాళ్లు లేరు. చేసినన్నాళ్లూ ఇల్లెలా గడుస్తోందని అడిగేవాళ్లూ లేరు.

లెక్కల మాస్టారిని కాబట్టి లెక్క చెప్తాను. లింఫోమా అంటే ఒక జబ్బు కాదు. లింఫోసైట్లనే తెల్లకణాలు అదుపు తప్పి పెరగడం వల్ల వచ్చే అరవైకి పైగా రకాలకు ఉమ్మడి పేరు. పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించేది డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ రకం. మా ఇంటికి వచ్చింది అదే. దానికి ఇచ్చే వైద్యాన్ని ఆర్-చాప్ అంటారు. ఐదు మందులు, 21 రోజులకోసారి, మామూలుగా ఆరు విడతలు. నరంలోకి ఎక్కించే మందులన్నీ దాదాపు ఒక్క రోజులో అయిపోతాయి. స్టెరాయిడ్ మాత్రలు ఐదు రోజులు, అవి ఇంట్లో వేసుకునేవే. అంటే 21 రోజుల విడతలో పేషెంట్ ఆస్పత్రి చేతిలో ఉండేది ఒక రోజు, మా చేతిలో ఉండేది 20 రోజులు. హాడ్కిన్స్ రకం లింఫోమాకు ఇచ్చే ఏబీవీడీ అనే కీమో అయితే రెండు వారాలకోసారి. అక్కడా ఇదే లెక్క.

పోనీ ఇది ఆశ లేని జబ్బా అంటే, కానే కాదు. హాడ్కిన్స్ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి పూర్తిగా నయమవుతుంది. మా ఆవిడకు వచ్చిన రకంలోనూ ఆర్-చాప్‌తో పదిమందిలో ఆరుగురు దాకా బయటపడతారని డాక్టర్లు చెబుతారు. ఇంత నయమయ్యే జబ్బులో ఆ 20 రోజులను ఏ శిక్షణా లేని మా చేతుల్లో పెట్టి ఊరుకోవడం ఎంతవరకు సబబు?

అసలు మా డ్యూటీ కీమో కంటే చాలా ముందే మొదలవుతుంది. మెడ మీద గడ్డ కనిపిస్తే మన ఊళ్లలో ముందు వచ్చే మాట టీబీ. ఆ అనుమానం తప్పని అనను. మన దేశంలో మెడ గడ్డలకు టీబీ పెద్ద కారణమే. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం రెండింటిలోనూ ఉంటాయి. చిక్కల్లా పరీక్ష తేలకుండానే మాత్రలు మొదలుపెట్టడం దగ్గర వస్తుంది. సన్న సూదితో కణాలు లాగి చేసే పరీక్ష లింఫోమాను తేల్చడానికి చాలదు. గడ్డను కోసి తీసి బయాప్సీకి పంపాలి. మాకు మొదట చూసినచోట అది జరగలేదు. టీబీ మాత్రలు వాడుతుండగానే గడ్డ పెరిగింది, చంకలో ఇంకోటి తేలింది. బయాప్సీ చేయించాక గాని అసలు సంగతి బయటపడలేదు.

బయాప్సీతోనూ అయిపోదు. ఏ రకం లింఫోమానో తేల్చడానికి ఐహెచ్‌సీ అనే ఇంకో పరీక్ష ఉంది. దానికోసం, కోసిన ముక్కను మైనంలో బిగించిన చిన్న బిళ్లను ప్లాస్టిక్ కవర్లో పెట్టి నా చేతికిచ్చి ఫలానా ల్యాబ్‌లో ఇచ్చి రండి అన్నారు. అగ్గిపెట్టె కంటే చిన్నది. దానిమీద ఒక నంబరు. మే నెల. మైనం కదా, ఎండకు కరుగుతుందేమోనని చొక్కా జేబులోంచి తీసి, టిఫిన్ డబ్బా కడిగి తుడిచి, అందులో పెట్టుకుని సిటీ బస్సెక్కాను. నిలబడ్డంతసేపూ సంచిని గుండెకు ఆనించుకునే ఉన్నాను. అది పోతే మళ్లీ కోయాలి. దాన్ని ఎలా తీసుకెళ్లాలి, ఎండ తగిలితే ఏమవుతుంది, రిపోర్టు రావడానికి ఎన్నాళ్లు పడుతుంది, ఇవేవీ ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి అర నిమిషం పట్టేది.

కీమో వార్డులో ఒక విచిత్రం చూశాను. మాకు తెలియాల్సినవన్నీ సాటి అటెండెంట్లే చెప్పారు. ఐదు మందుల్లో ఒకటి ఎర్రగా ఉంటుంది, డాక్సోరుబిసిన్. వార్డులో అందరూ ఎర్ర మందు అంటారు. అది ఎక్కించిన సాయంత్రం మూత్రం ఎర్రగా వచ్చింది. రక్తం పోతోందని మా ఆవిడ బాత్రూంలోంచే నన్ను కేకేసింది. పక్క కుర్చీలో కొడుక్కి కీమో పెట్టిస్తున్న పెద్దావిడ, చదువుకున్న మనిషి కాదు, ‘ఏం లేదమ్మా, అది మందు రంగు. రేపటికల్లా పోతుంది. నీళ్లు బాగా తాగు’ అంది. నోట్లో పుండ్లు రాకుండా ఉప్పునీళ్లు పుక్కిలించాలని చెప్పిందీ ఆవిడే. విన్‌క్రిస్టిన్ అనే మందు వల్ల మలబద్ధకం వస్తుంది, వేళ్లు తిమ్మిరెక్కి చొక్కా గుండీలు కూడా పట్టు దొరకవు. అది జబ్బు ముదరడం వల్ల కాదని, డాక్టరుకు చెప్పి తీరాలని మాకు తెలిసిందీ అలాగే. ఆ పెద్దావిడ ఆ రోజు అక్కడ లేకపోతే? వైద్యంలో సగభాగం ఇలా పక్క కుర్చీ అదృష్టం మీద నడుస్తోంది.

ఇక అసలు విషయానికి వస్తాను. మిగతావన్నీ పక్కన పెట్టినా దీన్ని మాత్రం పక్కన పెట్టొద్దు.

కీమో ఇచ్చాక ఇంచుమించు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు వరకు తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో జ్వరం 100.4 దాటితే అది ప్రాణం మీదికి వచ్చే జ్వరం. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోవడానికి లేదు. గంటలోపు యాంటీబయాటిక్ నరంలోకి వెళ్లాలని వైద్య నియమాలే చెబుతున్నాయి. మాకు రెండో విడత తర్వాత రాత్రి పూట వచ్చింది. థర్మామీటరు 101 చూపించింది. మా ఊరి ఆర్ఎంపీ మంచి మనిషి, పిలిస్తే అర్ధరాత్రైనా వస్తాడు. వచ్చి పిర్రకు సూది వేయబోయాడు. ప్లేట్‌లెట్లు తగ్గి ఉండే సమయంలో కండకు సూది వేస్తే లోపల రక్తస్రావమయ్యే ప్రమాదం ఉందని ఆయనకెవరు చెప్పారు? వద్దని ఆపి, ఆటోలో దగ్గరున్న ఆస్పత్రికి తీసుకెళ్తే, డ్యూటీ డాక్టరు ఫైలు తిరగేసి ‘కీమో కేసు మేం ముట్టుకోం, హైదరాబాద్ తీసుకెళ్లండి’ అన్నాడు. హైదరాబాద్ దాదాపు 200 కిలోమీటర్లు. గంటలోపు పడాల్సిన మందు కోసం నాలుగు గంటల ప్రయాణం చేయాలన్నమాట.

చివరికి మమ్మల్ని ఒడ్డున పడేసింది నా దగ్గర పదో తరగతి చదివిన అమ్మాయి. ఇంకో ఆస్పత్రిలో నర్సు. ఫోన్ చేస్తే, ‘కీమో పేషెంట్, పదో రోజు, జ్వరం 101’ అని మూడే ముక్కలు వాళ్ల డాక్టరుకు చెప్పి, మేం వెళ్లేసరికి సెలైన్ స్టాండు పక్కన మంచం సిద్ధం చేయించింది. రక్తం తీసి కల్చర్‌కు పంపారు, వెంటనే యాంటీబయాటిక్ ఎక్కించారు. వాళ్లు చేసిన దాంట్లో ఏ జిల్లా ఆస్పత్రిలోనూ దొరకనిది ఒక్కటీ లేదు. ఆ మూడు ముక్కలూ ఒక కార్డు మీద అచ్చువేసి ప్రతి కీమో పేషెంట్ మెడలో వేస్తే ఆ రాత్రి నేను రెండు ఆస్పత్రులు తిరిగేవాణ్ని కాదు. అందరికీ నర్సులైన శిష్యులు ఉండరు కదా సార్.

తెల్లకణాలు పెరగడానికి ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్లు ఇస్తారు. వాటిని ఫ్రిజ్‌లో పెట్టాలి. వాటిని థర్మాకోల్ పెట్టెలో ఐస్ ప్యాకుల మధ్య సర్ది, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకునేవాణ్ని. మా ఇంట్లో ఫ్రిజ్ ఉంది. లేనివాళ్లు ఏం చేస్తారో తర్వాత ఒకాయన చెప్పాడు: కిరాణా కొట్టువాణ్ని బతిమాలుకుని కూల్‌డ్రింకుల ఫ్రిజ్‌లో పెట్టించారట. ఊళ్లో ఉన్న పీహెచ్‌సీలో టీకాలకు ఫ్రిజ్ ఉంటుంది, సూది వేయడానికి ఏఎన్ఎం ఉంటుంది. కానీ ఆ రెండూ ఈ పేషెంట్‌కు ఉపయోగపడాలని ఎవరి ఆదేశాల్లోనూ లేదు.

చుట్టాల సంగతి మీకు తెలియంది కాదు. ప్రేమతోనే వస్తారు, కానీ ప్రతివాళ్లూ ఒక మందు వెంట తెస్తారు. గోధుమగడ్డి రసం, బొప్పాయి ఆకు రసం, లక్ష్మణఫలం ఆకుల కషాయం. తెల్లకణాలు పడిపోయిన మనిషికి కడగని పచ్చి ఆకుల రసం తాగిస్తే కడుపులో ఇన్ఫెక్షన్‌ను కోరి తెచ్చుకున్నట్టే. ఒక పెద్దాయన మరీ ముందుకెళ్లాడు. విన్‌క్రిస్టిన్ మందు మన పెరళ్లలో పూసే బిళ్లగన్నేరు నుంచే తీస్తారని ఎక్కడో చదివాడు. అది నిజమే. ‘అయితే అంత డబ్బెందుకు పోయడం, రోజూ గుప్పెడు ఆకు నూరి తాగించు’ అన్నాడు. టన్నులకొద్దీ ఎండుటాకుల నుంచి గ్రాముల్లెక్కన తీసే మందు అది. మిల్లీగ్రాము తేడా వస్తేనే డాక్టర్లు భయపడతారు. ఆకు నూరి తాగితే విషం. పెద్దాయన మీద కోపం తెచ్చుకుని ఏం లాభం? ఆయనకు సరైన మాట చెప్పే కాగితం ఒక్కటీ తెలుగులో మా చేతిలో లేదు. డిశ్చార్జి కాగితం మొత్తం ఇంగ్లీషులో ఉంటుంది. ‘హై ప్రొటీన్ డైట్’ అని ఒక ముక్క. గుడ్డు పెట్టాలా వద్దా, పెరుగు తినొచ్చా, పథ్యం పేరుతో మా అత్తగారు మాన్పించినవాటిలో ఏవి మాన్పించాలి, ఏవి తప్పకుండా పెట్టాలి? ఈ ప్రశ్నలకు జవాబు ఒక పేజీ.

ఇంకో బరువు గురించి ఎవరూ మాట్లాడరు. మన ఇళ్లలో జబ్బు పేరు పేషెంట్‌కు చెప్పరు. డాక్టరు అటెండెంట్‌ను బయటికి పిలిచి చెబుతాడు. లోపలికొచ్చి ‘ఏం లేదు, గడ్డ, మందులతో కరిగిపోతుంది’ అనాల్సింది అటెండెంట్. బయాప్సీ వచ్చిన రోజు నాకూ అదే సలహా దొరికింది. మా ఆవిడ పదో తరగతి చదివింది. ఆస్పత్రి బోర్డు మీద ఏం రాసి ఉందో చదవలేదా? ఆ సాయంత్రమే అడిగింది, చెప్పేశాను. కాసేపు ఏడ్చి, ‘మరి జుట్టు ఎప్పుడు ఊడుతుందట?’ అంది. ఆ తర్వాత మా ఇద్దరి మధ్యా గోడ లేదు. జ్వరం దాచలేదు, నొప్పి దాచలేదు. అబద్ధం మోస్తున్న ఇళ్లలో పేషెంట్ భయపడి లక్షణాలు దాస్తాడు, ఇంటివాళ్లు భయపడి ముఖం దాస్తారు. నిజం ఎలా చెప్పాలో నేర్పే కౌన్సెలర్ కీమో గదికి ఒక్కరుంటే ఈ దాగుడుమూతలు పోతాయి. పెళ్లికాని కుర్రాళ్లకు, పిల్లలు కావాలనుకునే జంటలకు కీమో మొదలుకాక ముందే వీర్యం, అండాలు భద్రపరుచుకునే దారి ఉందని చెప్పాల్సింది కూడా ఆ కౌన్సెలరే. మొదటి విడత అయ్యాక చెబితే చాలామందికి అప్పటికే ఆలస్యం.

స్టెరాయిడ్ వేసుకునే ఐదు రోజులూ మా ఆవిడకు నిద్ర ఉండేది కాదు. రాత్రి రెండింటికి గిన్నెలు సర్దేది. అకారణంగా కసిరేది. ఆరో రోజు మాత్రలు ఆపేయగానే ఒక్కసారి నీరసించి మంచం పట్టేది. అది మందు ప్రభావమని ముందే తెలిసిన ఇంటికీ తెలియని ఇంటికీ చాలా తేడా. తెలియని ఇళ్లలో గొడవలవుతాయి, మాటలు ఆగిపోతాయి. ఆ ఇళ్లలో చూసుకునే మనిషి ఆరోగ్యమూ పోతుంది. చూసుకునేవాళ్లకు బీపీ ఎంత, షుగరు ఎంత, రాత్రి నిద్ర ఎంత అని ఏ డాక్టరూ అడగడు.

డబ్బు సంగతి. కీమో ఉచితం, నిజమే. దాని చుట్టూ ఉన్నవి ఉచితం కాదు. ప్రైవేటు స్కూల్లో రాని రోజుకు జీతం ఉండదు. మా ఆవిడకు తోడుగా ఆడవాళ్ల వార్డులో పడుకోవడానికి వచ్చిన మా మరదలికి కూలి పోయింది. ఆడవాళ్ల వార్డులో రాత్రి మగవాళ్లు ఉండకూడదన్న నియమం సరైనదే, కాబట్టి ఒక పేషెంట్‌కు ఇద్దరి కూలి పోతుంది. పది లక్షల పరిమితి మొదలైన ఆ డిసెంబరు 9నే తెలంగాణలో మహిళలకు ఉచిత బస్సూ మొదలైంది, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి వచ్చింది. మా ఆవిడా మరదలూ ఉచితంగా ప్రయాణించారు, అందుకు కృతజ్ఞతలు. పక్క సీట్లో నేను టికెట్ కొన్నాను. నా సంగతి సరే, తల్లి లేని కుర్రాణ్ని తండ్రి తీసుకొస్తే రెండు టికెట్లూ కొనాల్సిందే. రైల్వే ఈ విషయంలో ఏనాడో ఆలోచించింది. చికిత్సకు వెళ్లే క్యాన్సర్ పేషెంట్‌కు స్లీపరు, ఏసీ త్రీటైర్‌లలో టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్లే ఒక్కరికి 75 శాతం తగ్గింపు. చదివేవాళ్లలో ఎవరికైనా అవసరమైతే ఆస్పత్రి ఇచ్చే నిర్ణీత ధ్రువపత్రం అడిగి తీసుకోండి. మాకు ఈ సంగతి చెప్పింది కూడా ప్లాట్‌ఫాం మీద కలిసిన ఒక పేషెంట్ తండ్రే.

అటెండెంట్‌ను ప్రభుత్వం పట్టించుకున్న దాఖలాలే లేవని అనను. 2022లో హైదరాబాద్ ప్రభుత్వాస్పత్రుల్లో అటెండెంట్లకు 5 రూపాయల భోజనం మొదలుపెట్టారు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ఆరోగ్య ఆసరా, చికిత్స తర్వాత కోలుకునే కాలానికి పేషెంట్‌కు రోజుకు 225 రూపాయలు, నెలకు 5 వేలు మించకుండా ఇచ్చింది. కేరళలో ఆశ్వాసకిరణం పేరుతో, మంచాన పడ్డవాళ్లను ఇంట్లో కనిపెట్టుకుని ఉండే మనిషికే నెలకు 600 రూపాయలు ఇచ్చే పథకం ఉంది. అది చిన్న మొత్తమే, కానీ చూసుకునేవాళ్లు చేసేది పనేనని ఒక ప్రభుత్వం ఒప్పుకుంది. జపాన్‌లో కుటుంబ సభ్యుణ్ని చూసుకోవడానికి ఉద్యోగికి 93 రోజుల సెలవు చట్టంలోనే ఉంది. మన ప్రైవేటు ఉద్యోగికి అలాంటి చట్టమే లేదు. శిక్షణ విషయంలోనూ దారి ఉంది. నూరా హెల్త్ అనే సంస్థ నారాయణ ఆస్పత్రుల్లో మొదలుపెట్టి, తర్వాత కర్ణాటక, పంజాబ్ ప్రభుత్వాస్పత్రుల్లో కూడా వార్డులోనే కుటుంబ సభ్యులను కూర్చోబెట్టి నేర్పిస్తోంది. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో మూడేళ్లలో అన్ని జిల్లా ఆస్పత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామన్నారు. మీ చేతికి వస్తున్న ఆ గదుల్లో మాకు రెండు కుర్చీలు వేయించండి అన్నదే నా మనవి. విడమరిచి చెప్తాను.

ఒకటి. ప్రతి కీమో పేషెంట్‌కు తెలుగులో జ్వరం కార్డు ఇవ్వండి. జబ్బు పేరు, ఇచ్చిన మందులు, తేదీ, ‘100.4 దాటితే వెంటనే చేర్చుకోండి’ అన్న ఆదేశం, ఫోన్ నంబరు. ఆ కార్డు చూపిస్తే ఏ జిల్లా, ఏరియా ఆస్పత్రి అయినా ముందు యాంటీబయాటిక్ మొదలుపెట్టి, ఆ తర్వాతే పై ఆస్పత్రికి పంపాలి. 108, 104 సిబ్బందికి ఈ కార్డు గురించి చెప్పండి.

రెండు. మొదటి కీమోకు ముందు అటెండెంట్‌కు ఒక గంట పాఠం తప్పనిసరి చేయండి. జ్వరం చూడటం, చేతులు కడుక్కోవడం, వంట, మాత్రల వేళలు, ఏ లక్షణానికి పరుగెత్తాలి, దేనికి ఆగొచ్చు. ఎర్ర మందు సంగతి కూడా.

మూడు. కీమో ముందు చేసే రక్తపరీక్ష జిల్లాలోనే చేసి, రిపోర్టు ఫోన్‌లో పై ఆస్పత్రికి చేరే ఏర్పాటు చేయండి. 200 కిలోమీటర్లు వెళ్లాక ‘కణాలు తక్కువున్నాయి, వచ్చే వారం రండి’ అనిపించుకునే బాధ తప్పుతుంది. ఫిల్‌గ్రాస్టిమ్ దాచడానికి, వేయడానికి పీహెచ్‌సీలకు ఉత్తర్వు ఇవ్వండి.

నాలుగు. తగ్గని మెడ గడ్డకు బయాప్సీ రిపోర్టు లేకుండా టీబీ మందులు మొదలుపెట్టొద్దని, మొదలుపెట్టినా గడ్డ పెరుగుతుంటే వెంటనే బయాప్సీకి పంపాలని కింది స్థాయి దాకా చెప్పండి. పరీక్ష బిళ్లలను ల్యాబ్‌కు చేర్చే పని ఆస్పత్రే చేయాలి.

ఐదు. కీమో సాగినంత కాలం తోడు వచ్చే ఒక్కరికి, ఆడైనా మగైనా, ఆర్టీసీలో ఉచిత ప్రయాణం ఇవ్వండి. కూలి పోయిన రోజులకు ఎంతో కొంత భృతి ఆరోగ్యశ్రీ, వైద్య సేవ ప్యాకేజీల్లోనే చేర్చండి. క్యాన్సర్ ఆస్పత్రుల దగ్గర రాత్రి పడుకోవడానికి, బట్టలు ఉతుక్కోవడానికి, వంట చేసుకోవడానికి చోటు చూపండి.

ఆరు. ప్రతి కేంద్రంలో తెలుగులో మాట్లాడే ఒక కౌన్సెలర్. పేషెంట్‌కూ, పక్కనున్న మనిషికీ.

వీటిలో పెద్ద ఖర్చు ఐదోది ఒక్కటే. మిగతావాటికి కావాల్సింది ఉత్తర్వులూ, కాగితాలూ, ఒకరిద్దరు మనుషులూ. విడతకు వేల రూపాయలు పోసి ఎక్కించిన మందు పదో రోజు రాత్రి ఒక జ్వరంతో వృథా కాకుండా కాపాడే ఖర్చు ఇది.

ఈ ఉత్తరం చదివే ఇతరులకూ ఒక మాట. మీకు తెలిసినవాళ్ల ఇంట్లో లింఫోమా ఉంటే కషాయాలు తీసుకెళ్లకండి, జలుబు ఉంటే అసలు వెళ్లకండి. చూసుకునే మనిషికి ఫోన్ చేసి ‘రేపు నేను వచ్చి ఆస్పత్రిలో ఉంటాను, నువ్వు ఇంట్లో పడుకో’ అనండి. పిల్లల్ని స్కూలుకు దింపండి. బియ్యం పప్పు తెచ్చి పెట్టండి. ‘ధైర్యంగా ఉండు’ అన్న మాట వాళ్లు ఇప్పటికి చాలాసార్లు విన్నారు.

మంత్రివర్యులారా, మొదటి కోరికతో మొదలుపెట్టండి చాలు. జ్వరం కార్డుకు అట్టముక్క, అచ్చు, ఒక సర్క్యులర్ సరిపోతాయి. మీరు సంతకం పెడితే వచ్చే నెలలో కీమో మొదలయ్యే ప్రతి పేషెంట్ చేతిలో అది ఉంటుంది.

ఇట్లు,
ఖమ్మం జిల్లా నుంచి ఒక లెక్కల మాస్టారు,
పేషెంట్ తాలూకు